జాబెజన్న బండికి నీడ

మా గల్లీలో జాబెజన్నను ఎరగనివాళ్ళు ఎవరైనా ఉంటారేమో గానీ, ఆయన బండిని ఎరగనివాళ్ళు లేరు. నాంపల్లి స్టేషన్ దగ్గర మా గల్లీ చివర మూతపడ్డ సోడా ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని రేకుల షెడ్డులోంచి ప్రతి ఆదివారం పొద్దున ఏడున్నరకి ఒక దగ్గు వినిపిస్తుంది. కాసేపాగి ఇంకొకటి. మూడో దగ్గుకి మా కిటికీ అద్దాలు అదురుతాయి, నా చేతిలో కాఫీ ఒలుకుతుంది, జాబెజన్న చర్చికి బయల్దేరాడని అందరికీ తెలిసిపోతుంది.

అది 1955 నాటి మోరిస్ మైనర్. రంగు నలుపు. కొన్నిచోట్ల ఆ సంగతి చెబితే తప్ప తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడది మెదక్ మిషన్ దవాఖానలో పనిచేసిన ఒక దొరసాని డాక్టరమ్మది. జాబెజన్న తండ్రి ఇజ్రాయేల్ ఆవిడ డ్రైవరు. ఆవిడ తన దేశం వెళ్ళిపోతూ, "ఈ బండి నీ మాట తప్ప ఎవరి మాటా వినదు, నువ్వే ఉంచుకో" అని తాళంచెవి ఆయన చేతిలో పెట్టిందట. తండ్రి పోయాక తాళంచెవి జాబెజన్నకి వచ్చింది. మాట వినడం మాత్రం తండ్రితోనే పోయింది.

జాబెజన్నకి ఇప్పుడు డెబ్బై ఒకటి. సర్కారు జీపులు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేశాడు. ఏ ఇంజనైనా పానాకో ప్రార్థనకో లొంగి తీరుతుందని ఆయన నమ్మకం. ప్రార్థన చేయకుండా తాళం తిప్పడు. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ దినము కార్బురేటర్‌ను కనికరించుము" అని మొదలుపెడతాడు. ఎండాకాలం ప్రార్థన చిన్నది. వానాకాలం ప్లగ్గుల కోసం, చలికాలం బ్యాటరీ కోసం విడివిడిగా ఉంటుంది. ఒక డిసెంబరులో నేను పక్కసీట్లో కూర్చుని ఉండగా ఆయన ప్రార్థన మోషే దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆమెన్ అన్నాక బండి స్టార్టయింది. నేనింకేం మాట్లాడను?

ఆ బండికి ఉన్న ఉద్యోగం ఒక్కటే. వాళ్ళ చర్చిలో ఏ పిల్ల పెళ్ళయినా సరే, పెళ్ళికూతురు ఆ బండిలోనే రావాలి. బానెట్ మీద తెల్ల రిబ్బను, వెనక సీట్లో తెల్లచీర, స్టీరింగు దగ్గర టై కట్టుకున్న జాబెజన్న. ఇప్పటికి నూట ఎనభై ఏడుగురు పెళ్ళికూతుళ్ళు ఎక్కారు. ముగ్గురు మాత్రం చివరి ఫర్లాంగు నడిచారు, ఒకామె కొంగు నడుముకి చుట్టి తోసింది కూడా. జాబెజన్న కిరాయి తీసుకోడు. ఒక కేకు ముక్క తీసుకుంటాడు, అది క్రీమున్న వైపుది కావాలి.

ఆయన భార్య జిప్పోరా వదినకి ఆ బండి అంటే పడదు. పడదని రోజుకి రెండుసార్లు గల్లీకంతా వినపడేలా చెబుతుంది. "సవతైనా అన్నం తిని ఊకుంటది. ఇది ఆయిల్ తాగి, నా చీరలకు పొగ కొడ్తది" అనేది ఆవిడ ఫిర్యాదు.

ఇక నా గురించి. నా పేరు సోమయాజులు, బషీర్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ళు అర్జీలు చూడడమే నా పని. చూడడమంటే, సంతకం ఎక్కడ లేదో, తేదీ ఎక్కడ తప్పిందో పట్టుకుని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపడం. వెనక నుంచి నన్ను 'తిప్పుడు సోమయాజులు' అనేవాళ్ళు. నాకు తెలుసు. కాయితం కాయితంలా ఉండాలి, అది నా పద్ధతి. ఈ వయసులో మార్చుకోమంటే నాకు కోపం వస్తుంది.

మా ఇల్లు జాబెజన్న ఇంటి పక్కనే. ముందు వరండా ఉంది, పైన స్లాబు, కింద షాబాద్ బండలు. అక్కడ నా పడక్కుర్చీ, మా ఆవిడ నళిని పూలకుండీలు ఉంటాయి. పన్నెండేళ్ళ కింద ఒక వానాకాలం షెడ్డు కారుతోందని జాబెజన్న నా దగ్గరికొచ్చాడు.

"నెల దినాలు బండి గీడ పెట్టుకోనియ్యి పంతులూ."

"బండల మీద ఆయిల్ మరకలు పడతయన్నా" అన్నాను.

"ఔ, పడతయ్" అని ఒప్పుకుని వెళ్ళిపోయాడు. పడవని అబద్ధమాడి ఉంటే హాయిగా పోట్లాడి ఉండేవాణ్ణి. ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఈ ఏడు ఆ సోడా ఫ్యాక్టరీని ఒక బిల్డరు కొన్నాడు. నెలాఖరులోగా షెడ్డు ఖాళీ చేయాలన్నాడు. బండిని గల్లీలో పెడదామంటే ఆటో తిరగడానికే అద్దాలు మడవాలి. రోడ్డు మీద పెడితే పొద్దునకి క్రేను ఎత్తుకుపోతుంది. అఫ్జల్‌గంజ్ నుంచి పాత ఇనుము కొనే దుర్గయ్య వచ్చి, బానెట్ మీద వేలితో కొట్టి చూసి, "పాత ఇనుము అన్నా, గట్టిగుంది. ఒకటో తారీకు పొద్దుగాల్ల వస్త" అని చెప్పిపోయాడు.

"ఇచ్చెయ్యి, పీడ పోతది" అంది జిప్పోరా వదిన.

జాబెజన్న దుర్గయ్య కొట్టినచోట గుడ్డతో తుడిచాడు. ఆ వారమంతా పులుసులో ఉప్పు లేదని కూడా అనలేదని వదినే మా ఆవిడతో చెప్పింది. అప్పుడు నాకు భయమేసింది.

అదే వారంలో, నేను జాబెజన్న షెడ్డులో ఉండగా శ్రీపతి గారు వచ్చారు. ఆయన హైదరాబాదు పాత కార్ల క్లబ్బుకి అధ్యక్షులు. ఆరు పాత కార్లున్నాయి, ఎనిమిది కార్లు పట్టే షెడ్డుంది. ఆ ఆరింటిలో దేనికి జలుబు చేసినా జాబెజన్నే చూస్తాడు. మిగిలిన రెండు చోట్ల మాట ఆయన ఎత్తలేదు, జాబెజన్న అడగలేదు. ఆబిడ్స్‌లో కొత్త కార్ల షోరూము ఒకటుంది, దానితో కలిసి క్లబ్బు ఒక పండగ చేస్తోందని ఆయన చెప్పారు. ఆదివారం పాత కార్లన్నీ నాంపల్లిలో బయల్దేరి, మొజంజాహీ మార్కెట్ చుట్టి, షోరూముకి చేరతాయి. అక్కడ కొత్త కరెంటు కార్ల పక్కన నిలబడతాయి. జనం వచ్చి చూసి, నచ్చిన కారు నంబరు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. ఎక్కువ చీటీలు వచ్చిన కారుకి షోరూము సెల్లార్‌లో రెండేళ్ళపాటు ఉచితంగా చోటు.

షోరూముకి పాత కార్ల మీద ఉన్నట్టుండి ప్రేమ ఎందుకు పుట్టిందని నేనడిగాను. చీటీ మీద పేరూ ఫోను నంబరూ కూడా రాయాలని శ్రీపతి గారు చెప్పాక ప్రేమ సంగతి అర్థమైంది.

"చీటీలు లెక్కపెట్టనీకి క్లబ్బుల లేని మనిషి కావాలె. ఎవర్నన్న చెప్పు" అన్నారు శ్రీపతి గారు.

జాబెజన్న నా వైపు చెయ్యి చూపించాడు. "మా పంతులున్నడు గద. సొంత తమ్ముని కాయితంల తప్పున్నా తిప్పి పంపుతడు."

పొగడ్త కదా, నేను ఒప్పుకున్నాను.

ఆదివారం పదకొండింటికి పద్నాలుగు పాత కార్లు వరసగా నిలబడ్డాయి. జాబెజన్నది పదకొండో నంబరు, పక్కసీట్లో నేను. జెండా ఊపారు. పదమూడు కార్లు వెళ్ళిపోయాయి. జాబెజన్న ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, అప్పటికి ప్రార్థనలో బ్యాటరీ దాటి రేడియేటర్ దగ్గరికొచ్చాడు. జెండా ఊపినాయన చెయ్యి దించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. మేం మొజంజాహీ మార్కెట్ దగ్గరికి చేరేసరికి, ముందు కార్లని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఐస్‌క్రీము కూడా తినేసి కప్పులు పారేస్తున్నారు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు కదా, సరిగ్గా ఒక పుస్తకాల గుట్ట పక్కన బండి ఆగిపోయింది. జాబెజన్న బానెట్ తెరిచి పానా తీశాడు. ఈలోగా బండి కూడా అమ్మకానికేననుకుని ఒకాయన బేరం అడిగాడు. పుస్తకాలాయన తన సరుకు నాలుగు కట్టలు డిక్కీ మీద సర్దుకున్నాడు. మళ్ళీ కదిలేసరికి అందులో రెండు కట్టలు అమ్ముడుపోయాయి, ఆయన మాకు టాటా చెప్పాడు.

షోరూము నేల అద్దంలా ఉంది. మేనేజరు శ్యామ్‌సుందర్ మా బండిని చూసి నవ్వాడు, దాని కింద చూసి నవ్వు ఆపేశాడు. పరుగున వెళ్ళి ఎక్కణ్ణుంచో చంటిపిల్లలకి స్నానం చేయించే నీలం తొట్టి తెప్పించి ఇంజను కింద పెట్టించాడు. తలుపు దగ్గర ఉజ్వల అనే అమ్మాయి చీటీలు పంచుతోంది. చీటీ మీద పేరు, ఫోను, నచ్చిన కారు నంబరు, ఆ కింద అభిప్రాయానికి నాలుగు ఖాళీ గీతలు. పక్కన బల్ల మీద నెత్తిన సన్నని చీలిక ఉన్న అట్టపెట్టె.

ఒంటిగంటన్నరకి చర్చిలో రెండో ఆరాధన వదిలారు. పావుగంటలో స్త్రీల సమాజం మొత్తం షోరూములోకి వచ్చింది. చంకల్లో బైబిళ్ళు, చేతుల్లో గొడుగులు, ముందు జిప్పోరా వదిన. ఆవిడ రానని మూడు రోజుల్నుంచి ఒట్టు పెడుతోంది.

"బిర్యానీ పొట్లాలు ఇస్తున్నరంట గద, అందుకే వచ్చినం" అంది, నేను అడక్కుండానే.

వాళ్ళంతా నేరుగా పదకొండో నంబరు దగ్గరికి పోయారు. ఒకామె వెనక సీటు నిమిరి, "నా పెండ్లినాడు గీ స్ప్రింగే నన్ను పొడిచింది" అని కూతురికి చూపించింది. ఇంకొకామె, తోసినామె, బండిని ఎక్కడ పట్టుకు తోసిందో అక్కడ చెయ్యి పెట్టి ఫొటో దిగింది. కొత్త కరెంటు కార్ల దగ్గర నిలబడ్డ సేల్స్ కుర్రాళ్ళు కూడా మెల్లగా ఇటే వచ్చేశారు. తరవాత ఆడవాళ్ళంతా వరసలో నిలబడి, చీటీలు తీసుకుని, ఒంగి శ్రద్ధగా రాసి, మడిచి పెట్టెలో వేశారు. జాబెజన్న టై సర్దుకున్నాడు. వారంలో మొదటిసారి ఆయన ముఖంలో రక్తం కనిపించింది. ఇంక ఫికర్ లేదనుకున్నాను.

నాలుగింటికి పెట్టె మేనేజరు గదిలోకి తెచ్చారు. నేను కళ్ళజోడు తుడుచుకుని, ఎర్రసిరా పెన్ను తీసుకుని మొదటి చీటీ విప్పాను.

"బెత్సీ. ఎడమ మోకాలు. మెట్లు ఎక్కలేకపోతున్నాను."

కింద ఫోను నంబరు ఉంది. కారు నంబరు లేదు. రెండోది విప్పాను. "జెర్లిన్. మా తమ్ముడు తాగుడు మానవలెను." మూడోది, "హెన్రీ లైసెన్సు పరీక్షకు నాలుగోసారి పోవుచున్నాడు, జ్ఞాపకము చేసుకొనుము." ఒకామె కోడలికి మెత్తని మాట దయచేయమంది. ఒకామె కారు నంబరు రాయవలసిన చోట "కారు లేదు ప్రభువా, స్కూటీ అయినా చాలు" అని రాసింది.

నాకు అర్థం కావడానికి పది చీటీలు పట్టింది. వాళ్ళ చర్చిలో తలుపు పక్కన ఇలాంటి పెట్టే ఒకటి ఉంటుంది, నేను చూశాను. పేరు రాసి, పాస్టరు అయ్యగారు ఫోను చేయడానికి నంబరు రాసి, గుండెలో ఉన్న బరువు రాసి అందులో వేస్తారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చీటీ, పెన్ను, చీలికున్న పెట్టె కనిపిస్తే ఆ చేతులకి ఇంకో రకంగా రాయడం తెలియదు. ఓటు వేయడానికి వచ్చినవాళ్ళు వరసలో నిలబడగానే చిన్నప్పటి అలవాటులో పడిపోయారు. వేసేశాం కదా అని తృప్తిగా బిర్యానీ తినడానికి వెళ్ళారు.

మొత్తం చీటీలు రెండువందల ముప్పై ఒకటి. శ్రీపతి గారి ఎర్రకారుకి అరవై నాలుగు. జాబెజన్నకి ఇరవై రెండు. తక్కిన కార్లన్నిటికీ కలిపి యాభై ఒకటి. కారు నంబరు లేనివి తొంభై నాలుగు.

శ్యామ్‌సుందర్ నా భుజం మీంచి చూసి గొంతు తగ్గించాడు. "సార్, జర చూసీ చూడనట్టు పోదాం. ఆ ఆంటీలందరు నల్లకారు చుట్టే ఉండిన్రు గద. అందరం చూసినం."

"చీటీ మీద లేదు" అన్నాను.

అని, ఒక్కోదాని మీదా ఎర్రసిరాతో 'చెల్లదు' అని రాయడం మొదలుపెట్టాను. మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. తిట్టుకోండి. నమ్మి లెక్క అప్పగించినప్పుడు, స్నేహితుడి కోసమైనా లేని అంకె ఉన్నట్టు ఎలా రాయను? తొంభై మూడింటి మీద రాశాను. తొంభై నాలుగోది విప్పాను.

"జిప్పోరా. ప్రభువా, నా పెనిమిటి బండికి నీడ దయచేయుము. నేను దాన్ని తిట్టినవన్నీ లెక్కలో పెట్టకుము. అది పోతే ఆయన మిగలడు. ఈ సంగతి ఆయనకు తెలియనియ్యకుము."

కారు నంబరు గడి ఖాళీ. సొంత మొగుడి బండి నంబరు కూడా ఆవిడ రాయలేదు.

అది చెల్లదు, అందులో సందేహం లేదు. లెక్కలో చెల్లనివాటిలోనే కలిపాను. కానీ దాని మీద ఎర్రసిరా పెట్టలేకపోయాను. మడిచి జేబులో పెట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కాయితం ఇంటికి పట్టుకుపోనివాణ్ణి, ఆ రోజు దొంగలా చుట్టూ చూసి మరీ పెట్టుకున్నాను.

శ్రీపతి గారి పేరు చదివారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది జాబెజన్నే. జిప్పోరా వదిన మాత్రం తొట్టి వైపు చూస్తూ నిలబడింది. తిరుగు ప్రయాణంలో బండి స్టార్టవలేదు, షోరూము ముందు నుంచి నేనూ ఆ సేల్స్ కుర్రాళ్ళూ తోశాం. వంగి తోస్తుంటే జేబులో చీటీ గుచ్చుకుంటోంది.

"తక్కువ ఎన్ని పడ్డయి పంతులూ?" అని దారిలో అడిగాడు జాబెజన్న.

"పడ్డయి గానీ చెల్లలేదన్నా" అని ఉన్నదున్నట్టు చెప్పాను. చీటీల్లో ఏముందో చెప్పలేదు.

ఆయన గేరు మార్చాడు. "నువ్వు చెల్లదన్నవంటే చెల్లనట్టే" అన్నాడు. నన్ను చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. నళిని మల్లెకుండీలో మట్టి సర్దుతూ విని, "అన్నీ సక్కగ సదివి, తిప్పి పంపిన్రన్నట్టు" అంది. ఆవిడ అంతకన్నా ఎప్పుడూ అనదు, అన్న రోజు నాకు తిండి సహించదు.

సోమవారం ఉజ్వల ఫోను చేసింది. షోరూము వాళ్ళు ఆ చెల్లని చీటీల మీది తొంభై మూడు నంబర్లకీ ఫోన్లు చేయమన్నారట. "సార్, ఎవ్వరు కట్ చేస్తలేరు. ఒక ఆంటీ అయితే ఫోన్ల నా కోసం కూడ ప్రార్థన చేసింది. వీళ్ళకు ఏ మోడల్ చెప్పాలె సార్?" అని ఏడుపు గొంతుతో అడిగింది. మోకాలి నొప్పికి ఏ మోడల్ మంచిదో నాకేం తెలుసు? ఎత్తు సీటున్నది చెప్పమన్నాను.

ఫోను పెట్టేసి వరండాలో కూర్చున్నాను. చుట్టూ చూశాను. పడక్కుర్చీ, తొమ్మిది కుండీలు, ముప్పై ఏళ్ళుగా మరక పడని షాబాద్ బండలు. మర్నాడు ఒకటో తారీకు. ఎవరి మీద కోపమొచ్చిందో తెలియదు గానీ, చాలా కోపమొచ్చింది. లేచి కుండీలు ఒక్కొక్కటే జరిపాను. నడుము పట్టేసింది. నళిని తలుపు దగ్గర నిలబడి చూసి, వచ్చి రెండో వైపు పట్టుకుంది. తరవాత నేను జేబులోంచి ఆ చీటీ తీసి, వెనక్కి తిప్పి, రాయవలసింది రాశాను.

మంగళవారం పొద్దున్నే దుర్గయ్య ట్రాలీ ఆటో, తాడు, ఇద్దరు మనుషులతో వచ్చాడు. షెడ్డు ముందు జాబెజన్న టై కట్టుకుని నిలబడ్డాడు. బండి బానెట్ మీద కొత్త తెల్ల రిబ్బను ఉంది. జిప్పోరా వదిన చంకలో బైబిలుతోనే వచ్చి, కొంగుతో అద్దం తుడుస్తోంది, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

నేను వెళ్ళి చీటీ వదిన చేతిలో పెట్టాను. అర్జీ ఎవరు పెడితే ఉత్తర్వు వాళ్ళకే అందాలి, అది రూలు. ఆవిడ తన చేతిరాత చూసి తెల్లబోయింది. వెనక్కి తిప్పి నెమ్మదిగా పైకి చదివింది.

"అర్జీదారు కోరిన నీడ, పక్కింటి వరండాలో, ఈ దినము నుండి మంజూరు చేయడమైనది. గడువు లేదు. బండి కింద తొట్టి పెట్టవలెను. సోమయాజులు, సూపరింటెండెంటు, రిటైర్డు."

దుర్గయ్య తాడు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. జాబెజన్నకి మాత్రం వెంటనే ఎక్కలేదు.

"ఎవరి అర్జీ?" అన్నాడు.

జిప్పోరా వదిన చీటీ మడిచి బైబిల్లో పెట్టేసింది. "ఎవరిదైతే నీకేంది? గా రేకుల డబ్బ తియ్యి ముందు, దుర్గయ్య ఆటోకు అడ్డమున్నది."

ఆయన ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆవిడ అద్దం తుడుస్తూనే ఉంది. తరవాత ఆయన బండెక్కి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మేమందరం నిలబడ్డాం, దుర్గయ్య కూడా తలగుడ్డ తీశాడు. ఆ రోజు కార్బురేటర్ మాట రాలేదు, బ్యాటరీ మాట రాలేదు.

"ప్రభువా, జిప్పోరా..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఆమెన్ కూడా అనలేకపోయాడు.

బండి మొదటి దగ్గుకే స్టార్టయింది. నేను ముందు నడుస్తూ దారి చూపించాను. సాయంత్రానికి షాబాద్ బండల మీద అరచేతంత మరక పడింది, ఎందుకంటే తొట్టి ఇంకా ఆబిడ్స్‌లోనే ఉంది.